కమాన్ పట్టీ నుంచి కూరగాయల కత్తి: పదును అంచులో లేదు

ఈ ఎపిసోడ్‌లో లారీ కమాన్ పట్టీ ముక్క ఒకటి తీసుకుని వంటింట్లో వాడుకునే కత్తి చేద్దాం. పెద్ద మెషీన్లేమీ లేవు. హ్యాక్సా, ఆకురాయి, చేతి డ్రిల్, ఉప్పు కాగితం, ఒక అయస్కాంతం, అంతే. వీటితో పాటు ఊళ్ళో ఒక కొలిమి కావాలి. అది ఎందుకో మధ్యలో చెప్తాను.

ఇలాంటి వీడియోలు మీరు చాలానే చూసుంటారు. గ్రైండర్ నుంచి నిప్పురవ్వలు ఎగురుతాయి, ఎర్రగా కాలిన ఇనుమును నూనెలో ముంచగానే మంట లేస్తుంది, చివర్లో కాగితాన్ని సర్రుమని కోసి చూపిస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ మంటకీ ఆ కాగితానికీ మధ్యలో నాలుగైదు గంటల పని ఒకటి ఉంది. అందులో చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి ఎడిటింగ్‌లో కట్ చేసేస్తారు. కత్తి కత్తి అయ్యేది అక్కడే. ఆ పని వదిలేస్తే చేతిలో మిగిలేది కత్తి ఆకారంలో ఉన్న గాజు పెంకు.

మన భాషలో ఈ విషయం ముందే ఉంది. పదును అంటే మనకి అంచు, సూదిగా ఉండడం. మన చిత్తూరు వైపు రైతుని అడగండి, వాన పడి నేల దున్నడానికి సరిగ్గా వచ్చినప్పుడు 'పదునుగా ఉంది' అంటాడు. మరీ తడి కాదు, మరీ పొడి కాదు. కమ్మరి పదును పెట్టడం అన్నా అదే అర్థం. మరీ గట్టి కాదు, మరీ మెత్తన కాదు. అంచు తర్వాత సంగతి, పదును ముందు ఇనుము లోపల రావాలి. ఈ రోజు మన టాపిక్ మొత్తం ఇదే.

సరే, మెటీరియల్ దగ్గర మొదలుపెడదాం.

ఏ ఇనుముతో పడితే ఆ ఇనుముతో కత్తి కాదు. ఇంటి స్లాబుకి వేసే కడ్డీ, కిటికీ గ్రిల్ పట్టీ, ఇవన్నీ మెత్తటి ఉక్కు. వీటిలో కార్బన్ సుమారు పావు శాతం, లేదా అంతకన్నా తక్కువ. ఎంత కాల్చి ఎంత ముంచినా కత్తికి కావాల్సినంత గట్టిపడవు. మనకి కనీసం అర శాతం పైన కార్బన్ ఉన్న ఉక్కు కావాలి. లారీ కమాన్ పట్టీలో సుమారు 0.6 శాతం ఉంటుంది. టన్నుల బరువు మోస్తూ వంగి, మళ్ళీ లేవాలి కాబట్టి అలా చేస్తారు. మన ఊళ్ళలో కొడవళ్ళు, మచ్చు కత్తులు ఎక్కువగా దీంతోనే చేస్తారు. చెన్నై, బెంగళూరు లారీలు చిత్తూరు మీదుగా పోతుంటాయి కాబట్టి మనకి పాత కమాన్ పట్టీలకు కరువు లేదు. మెకానిక్ షెడ్లలో, పాత ఇనుము కొట్లలో తూకం లెక్కన దొరుకుతాయి. నేను కిలో 70 రూపాయల లెక్కన ముప్పావు కిలో ముక్క తెచ్చాను.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, విరిగిన పట్టీ అయితే విరిగిన చోటికి దూరంగా ఉన్న ముక్క తీసుకోండి. విరిగిన చోట చుట్టూ కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. రెండు, తెల్లగా జింక్ పూత ఉన్న ఇనుము ఏదీ తేవద్దు. కొలిమిలో పెడితే జింక్ పొగ వస్తుంది. పీల్చితే చలి, జ్వరం, ఛాతీ పట్టేయడం. ఇది భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు, వెల్డింగ్ చేసే అన్నలకి బాగా తెలిసిన జబ్బు.

ఏది మంచి ఉక్కు అని తెలుసుకోవడానికి ఒక చిన్న టెస్ట్ ఉంది. షాపులో గ్రైండర్ ఉంటే ఒక్క సెకను ఆనించమనండి. మెత్తటి ఉక్కు రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి. కార్బన్ ఉన్న ఉక్కు రవ్వలు చివర్లో కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. ఎంత ఎక్కువ చిట్లితే అంత కార్బన్.

ఇప్పుడు కొలిమి ఎందుకో చెప్తాను. నేను తెచ్చిన పట్టీ మందం 8 మిల్లీమీటర్లు. కూరగాయల కత్తికి వెనక వైపు 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. 8ని ఆకురాయితో 3కి తేవాలంటే సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి అవుతుంది. అందుకే సాగగొట్టే పని కమ్మరిదే. మా ఊరికి దగ్గర్లో ఒక తాత ఉన్నాడు, ఇంకా కొలిమి నడుపుతున్నాడు. పట్టీని కాల్చి, ఉలితో నిలువుగా చీల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టి, వెడల్పు 3 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు ఉన్న బద్దీ చేసిచ్చాడు. గంటంబావు పట్టింది. సుత్తి ఆయనది, సమ్మెట నాది. రెండో రోజు దాకా నా భుజం లేవలేదు.

నేను ఒకటే అడిగాను. "తాతా, ఇంకొంచెం ఎర్రగా కాలిస్తే ఇంకా తొందరగా సాగుతుంది కదా?"

"సాగతాది నాయనా. తెల్లగా అయితే చిటపటమని రవ్వలు కక్కతాది. అప్పుడింక అది ఇనుము కాదు, బొగ్గు. కడుపాకలి ఉందని పొయ్యిలో చెయ్యి పెడతామా?"

బీటెక్ పుస్తకంలో ఉన్నదీ ఇదే. అతిగా కాలిస్తే ఉక్కులోని కార్బన్ మండిపోతుంది, లోపలి రేణువులు పెద్దవై ఉక్కు పెళుసవుతుంది. ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

సాగగొట్టిన తర్వాత బద్దీని ఇంకోసారి ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చాడు. తెల్లారేదాకా అక్కడే. అంత మెల్లగా చల్లారితే ఉక్కు మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. ఈ స్టెప్ వదిలేస్తే మీ ఆకురాయే అరిగిపోతుంది.

ఇక ఇంటి పని. బీటెక్ ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తుందా? ఫిట్టింగ్‌లో వీ-ఫిట్ చేయించి, వెలుతురుకి పెట్టి సందు చూసి మార్కులు వేసేవాళ్ళు. దీని వల్ల ఏం ఉపయోగం అని అప్పుడు అందరం తిట్టుకున్నాం. ఉపయోగం ఇదిగో.

ముందు అట్టముక్క మీద కత్తి బొమ్మ గీయండి. అలుగు 5 అంగుళాలు, పిడి లోపలికి పోయే భాగం 4 అంగుళాలు. అట్ట కత్తిరించి చేత్తో పట్టుకుని చూడండి, ఉల్లిపాయ మీద పెట్టి చూడండి. పిడి పట్టుకున్న వేళ్ళు పలకకి తగులుతున్నాయా? అయితే అలుగు వెడల్పు తక్కువైనట్టు. అట్ట మీద మార్చడం ఫ్రీ, ఉక్కు మీద మార్చడం కష్టం. కోడ్ రాసే ముందు డిజైన్ డాక్యుమెంట్ లాంటిది అనుకోండి.

బొమ్మ ఉక్కు మీదకి దించి హ్యాక్సాతో కోయండి. హ్యాక్సా పళ్ళు ముందుకి చూడాలి, ముందుకి తోసేటప్పుడే బలం పెట్టాలి. ఆకురాయి కూడా అంతే. వెనక్కి లాగేటప్పుడు నొక్కితే పళ్ళు పోతాయి. బెంచ్ వైస్ లేకపోతే సీ-క్లాంప్‌తో బల్ల అంచుకి బిగించండి. చేత్తో పట్టుకుని, కాలి కింద పెట్టుకుని కోయొద్దు.

ఆకారం వచ్చాక ఏటవాలు తియ్యాలి. బ్లేడు కింది అంచు మధ్యన మార్కర్‌తో గీత గీసి, రెండు పక్కల నుంచీ ఆ గీత దాకా సమానంగా రాయాలి. ఇక్కడ అందరూ ఉత్సాహపడి అంచును సన్నగా చేసేస్తారు. ఆపండి. అంచు మందం ఏటీఎం కార్డు మందం దగ్గర ఆపేయాలి. అంతకన్నా సన్నగా ఉంటే తర్వాత కాల్చి ముంచినప్పుడు అంచు అలలా మెలి తిరుగుతుంది, లేదా చిట్లుతుంది. పిడి రివెట్ల కోసం రంధ్రాలు కూడా ఇప్పుడే వేయండి. గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ దిగదు.

నాకు ఈ పనికి రెండు ఆదివారాలు పట్టింది. తొందరేం లేదు.

ఇప్పుడు అసలు పని, వేడి. దీన్ని అపార్ట్‌మెంట్ బాల్కనీలో, మేడ మీద, గ్యాస్ స్టవ్ మీద ట్రై చేయొద్దు. నేను తాత కొలిమి దగ్గరే చేశాను. కళ్ళద్దాలు, కాటన్ బట్టలు, తోలు గ్లవ్స్, కాళ్ళకి బూట్లు. పాలిస్టర్ చొక్కా మీద ఒక్క నిప్పురవ్వ పడినా కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఆకుచెప్పులతో కొలిమి దగ్గరికి పోయే హీరోయిజం వద్దు.

నూనె విషయం. మన జిల్లా చెనిక్కాయల జిల్లా, కాబట్టి చెనిక్కాయ నూనెనే వాడాను. రెండు లీటర్లు, లోతైన ఇనుప డబ్బాలో. ప్లాస్టిక్ డబ్బా అసలు వద్దు. నూనెను చెయ్యి పెట్టలేనంత, సుమారు 50, 60 డిగ్రీలు వేడి చేసుకోండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని మెల్లగా లాగుతుంది, గోరువెచ్చని నూనె బాగా లాగుతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా నిజం ఇదే. పక్కనే డబ్బాకి సరిపడా ఇనుప మూత, ఒక బకెట్ ఇసుక. నూనె అంటుకుంటే మూత పెట్టి ఊపిరాడకుండా చేయాలి. నీళ్ళు పోస్తే మంట ఎగిరి మొహం మీదకి వస్తుంది.

ఎంత వేడి చేయాలి? దీనికి అయస్కాంతం. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుంది. కాలిన బ్లేడుని అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడండి. లాగుతోందంటే ఇంకా కాలాలి. లాగడం ఆగిపోయిందంటే ఇంకొంచెం, ఒక నిమిషం, అంతే. కమాన్ పట్టీ ఉక్కుకి 830, 850 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది. ఎండలో ఎరుపు సరిగ్గా తెలియదు, అందుకే ఈ పని సాయంత్రం నీడలో చేయాలి. ఏ ఊళ్ళో చూసినా కొలిమి పాకలు చీకటిగా ఎందుకుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. లైట్లు పెట్టించుకోలేక కాదు.

ఆ వేడిలో ఏం జరుగుతుందంటే, ఇనుము అణువుల అమరిక మారి కార్బన్ అందులో కరిగిపోతుంది, టీలో చక్కెర లాగా. మెల్లగా చల్లారితే కార్బన్ మళ్ళీ విడిపోతుంది. ఒక్కసారిగా చల్లారిస్తే విడిపోవడానికి టైం ఉండదు, లోపలే ఇరుక్కుపోతుంది. అలా ఇరుక్కున్న స్థితి పేరు మార్టెన్‌సైట్. చాలా గట్టి, అంతే పెళుసు.

ముంచేటప్పుడు మొన కిందికి నిలువుగా దించండి. లోపల ముందుకీ వెనక్కీ కదపండి, పక్కలకి ఊపొద్దు. పక్కలకి ఊపితే ఒక వైపు ముందు చల్లారి బ్లేడు వంగిపోతుంది. పది సెకన్ల తర్వాత తీసి పాత ఆకురాయితో అంచు మీద రాసి చూడండి. ఆకురాయి కొరక్కుండా గాజు మీద జారినట్టు జారితే గట్టిపడినట్టు.

ఈ దశలో బ్లేడు కింద పడితే రెండు ముక్కలు. అందుకే అదే రోజు, వీలైతే అదే గంటలో, తర్వాతి పని మొదలవ్వాలి. వీడియోల్లో కట్ చేసే భాగం ఇదే.

బ్లేడుని సబ్బుతో బాగా కడిగి నూనె పోగొట్టి, ఉప్పు కాగితంతో ఒక పక్క తెల్లగా మెరిసేలా రుద్దండి. ఓటీజీ ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు. బయటికి తీసి చల్లార్చి, ఇంకోసారి రెండు గంటలు. కేకులు చేసే ఓవెన్లో లారీ ముక్క పెడతావా అని మా అమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. అందుకే అన్నిసార్లు కడగమని చెప్తున్నా. ఇంటి ఓవెన్ చూపించే డిగ్రీలను పూర్తిగా నమ్మొద్దు, రంగుని నమ్మండి. తెల్లగా రుద్దిన చోట ఎండు వరిగడ్డి రంగు వస్తే కరెక్ట్. గోధుమ రంగుకి పోతే కాస్త మెత్తన. ఊదా, నీలం దాకా పోతే కూరగాయల కత్తికి మరీ మెత్తన, మళ్ళీ కొలిమి నుంచి మొదలుపెట్టాలి.

ఈ వేడికి లోపల ఇరుక్కున్న కార్బన్ కొంచెం సర్దుకుంటుంది. గట్టిదనం కొద్దిగా తగ్గుతుంది, పెళుసుదనం చాలా తగ్గుతుంది. కొంచెం వదులుకుంటేనే నిలబడుతుంది. పదును అంటే ఇదీ.

మరి తాత దగ్గర ఓవెన్ లేదు కదా, ఆయన ఎట్లా చేస్తాడు? ఇది చూసి నాకు నోట మాట రాలేదు. ఎర్రగా కాలిన కొడవలిని మొత్తం ముంచడు. అంచు మాత్రమే ముంచుతాడు. బయటికి తీసి రాయితో గబగబా రుద్దుతాడు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంది. రంగులు కదులుతూ వస్తాయి, ముందు గడ్డి రంగు, దాని వెనక గోధుమ, దాని వెనక నీలం. తనకి కావాల్సిన రంగు అంచు దగ్గరికి రాగానే మొత్తం ముంచేస్తాడు. నేను నాలుగు గంటలు తీసుకున్న పని ఆయనకి నిమిషం లోపల అయిపోయింది. అంచు గట్టిగా, వెనక భాగం వంగేలా, రెండూ ఒకేసారి. థర్మామీటర్ ఆయన కళ్ళే.

తెలుగు నేలకి ఈ విద్యలో పాత పేరుంది. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరు. అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. అక్కడి పని పద్ధతి మీద హెన్రీ వాయిసీ రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లీషు వాళ్ళు ఈ ఉక్కుని వూట్జ్ అన్నారు. ఆ మాట మన దక్షిణాది 'ఉక్కు' నుంచి వచ్చిందనే ఎక్కువమంది అభిప్రాయం. కరెంట్ మోటార్ సూత్రం చూపించిన మైకేల్ ఫారడే, అంతకు ముందే 1819లో ఈ ఉక్కులో ఏముందో తెలుసుకోవాలని లండన్‌లో పరీక్షలు చేశాడు. కత్తులు, సర్జరీ పరికరాలు చేసే జేమ్స్ స్టొడార్ట్‌తో కలిసి అలాంటిది తయారు చేయాలని కూడా చూశాడు. అంత పెద్ద సైంటిస్టు వెతికింది మన కొలిమిలో ఉన్న దాన్నే.

సరే, పిడి. చింత, వేప, తుమ్మ, ఏదైనా బాగా ఎండిన గట్టి చెక్క తీసుకోండి. నేను పాత చింత మొద్దు ముక్క వాడాను. రెండు చెక్కలు, మధ్యలో ఉక్కు, అరాల్డైట్ పూసి ఇత్తడి రివెట్లు కొట్టి ఒక రోజు క్లాంప్‌లో ఉంచాలి. తర్వాత చేతికి సరిపడేలా రుద్దుకోండి.

తిరుపతిలో ఉంటూ ఒక మాట చెప్పకపోతే తప్పు. ఎర్రచందనం పిడి అయితే లుక్ అదిరిపోతుంది అని మీ మనసులోకి రావచ్చు, ఎవరో చిన్న ముక్క ఉంది ఇస్తానని కూడా అనొచ్చు. వద్దు. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. అనుమతి లేకుండా నరికినా, తరలించినా, దగ్గర పెట్టుకున్నా కేసే. చిన్న ముక్కే కదా అనేది అక్కడ పనిచేయదు. ఆ చెట్ల కోసం మనుషుల ప్రాణాలు కూడా పోయిన అడవి అది. చింత చెక్క చాలు, నీళ్ళు తగిలినా బాగా నిలబడుతుంది.

ఇప్పుడు చివర్లో అంచు. మొదట 400 గ్రిట్ సాన రాయి, తర్వాత 1000. రాయిని నీళ్ళతో తడపండి. బ్లేడు వెడల్పు 3 సెంటీమీటర్లు కదా, వెనక వైపుని రాయి నుంచి సుమారు 9 మిల్లీమీటర్లు పైకి లేపి పట్టుకుంటే 17, 18 డిగ్రీల కోణం వస్తుంది. చిటికెన వేలి మందం కన్నా కాస్త తక్కువ అని గుర్తు పెట్టుకోండి. ఒక పక్క రుద్దుతూ ఉంటే రెండో పక్క అంచు మీద వేలికి గరుకు తగులుతుంది, అప్పుడు తిప్పండి. వేలిని అంచు నుంచి బయటికి జరపాలి, అంచు పొడుగునా జరపకూడదు.

టెస్ట్ కాగితంతో కాదు, బాగా మాగిన టమాటాతో. నొక్కకుండా, కత్తి సొంత బరువుతో తోలు తెగాలి. నాది తెగింది. ఆ రోజు ఇంట్లో టమాటా పచ్చడి, ఎందుకంటే ఆ ఆనందంలో కిలో కోసేశాను.

ఇది స్టెయిన్‌లెస్ కాదు. టమాటా, పచ్చి మామిడికాయ, నిమ్మకాయ కోస్తే బ్లేడు మీద నల్లటి, నీలం మరకలు వస్తాయి. వాటితో ప్రమాదం లేదు, కొన్నాళ్ళకి అవే పూతలా తుప్పుని కొంత ఆపుతాయి. ఎర్ర తుప్పు మాత్రం రానివ్వొద్దు. వాడగానే కడిగి, తుడిచి, ఒక చుక్క వంట నూనె రాయండి. సింక్‌లో రాత్రంతా వదిలేస్తే పొద్దునకి తుప్పు.

చట్టం సంగతి కూడా చూద్దాం. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న రూల్స్‌లో, అలుగు 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల లిస్టులో పెట్టారు. వంటకి, వ్యవసాయానికి చేసినవి అందులో రావు. మనది 5 అంగుళాల కూరగాయల కత్తి, ఇబ్బంది లేదు. కానీ నడుముకి దోపుకుని రీల్ చేస్తే అది వంటింటి కత్తి అని స్టేషన్లో మీరే వివరించుకోవాలి. బ్యాగులో మర్చిపోయి అలిపిరి చెకింగ్ దాకా తీసుకుపోవద్దు. ఈ చానల్‌లో కత్తి కట్టర్ బోర్డు దాటి బయటికి రాదు.

ఖర్చు లెక్క చెప్పేస్తాను. ఉక్కు 50 రూపాయలు చిల్లర, ఉప్పు కాగితం, గమ్, ఇత్తడి కడ్డీ కలిపి 250. నూనె వడకట్టి తర్వాతి కత్తికి దాచాను. తాత సాగగొట్టినందుకు అడిగింది 300. నేను అక్కడ ఉన్నప్పుడే ఒకాయన కొడవలికి పదును పెట్టించుకుని, 80 అడిగితే 50 చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తాత ఏమీ అనలేదు. ఆన్‌లైన్‌లో 50కే కొత్త కత్తి వస్తుంది కదా అని ఆయన ధీమా కావచ్చు. వస్తుంది. కానీ అంచు వైపు పాకే ఆ గడ్డి రంగుని సరిగ్గా ఆ క్షణంలో పట్టుకునే కన్ను ఆ రేటుకి రాదు. తాత కొడుకులిద్దరూ శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళని ఎవరూ తప్పు పట్టలేరు, ఆ 50 రూపాయలు చూస్తే.

అందుకే మీకొక పని. అందరూ కత్తి చేయాలని నేను అనను. ఇంట్లో మొద్దుబారిన కత్తిపీటో, కొడవలో ఉంటుంది కదా. దగ్గర్లో కొలిమి ఎక్కడుందో నాయనమ్మనో తాతనో అడగండి, వాళ్ళకి తెలుస్తుంది. తీసుకుని పోండి. ఆయన పని చేస్తున్నప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఆ రంగులు కదలడం ఒక్కసారి చూడండి. అడిగిన డబ్బు అడిగినంత ఇచ్చేసి రండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే పట్టీలో మిగిలిన ముక్కతో కొబ్బరి కోరు చేద్దాం. అప్పటిదాకా వేళ్ళు జాగ్రత్త. ఉంటాను ఫ్రెండ్స్.